పెన్‌రోజ్ ఇంటికొచ్చిన ఆదివారం

ఓడల ఫొటోలు తీసే విల్ఫ్ టారంట్ రేవు ముఖద్వారంలోని రౌండ్ టవర్ మీంచి తనంతట తానే పడ్డాడని మిసెస్ టపెన్ చెప్పిందట. ఆవిడ రొట్టెల కొట్టులో చెబితే, కొట్టావిడ పోస్ట్‌మన్‌కి చెప్పింది. పోస్ట్‌మన్ ఆ కబురును ఉత్తరంతో పాటు తెచ్చి గిల్ ప్రాసర్ చేతిలో పెట్టాడు.

"ఓడ మొత్తం ఫొటోలో పట్టించాలని వెనక్కీ వెనక్కీ నడిచాడట సార్. ముప్ఫయ్యేళ్ళుగా ఆ గోడ దగ్గరే నిలబడి తీస్తున్నాడా, ఆ రోజే అడుగు తప్పాడట. కింద రాళ్ళ మీద పడేసరికి తల గుడ్డు పగిలినట్టు పగిలిందట. మిసెస్ టపెన్ పక్కింట్లోనే ఉంటుంది లెండి, ఆవిడకి తెలియకుండా ఆ వీధిలో పిల్లి కూడా ఈనదు. ఇంతకీ ఏమిటి సార్ ఉత్తరం?"

"పళ్ళ డాక్టరు."

పోస్ట్‌మన్ సానుభూతిగా దవడ పట్టుకుని వెళ్ళిపోయాడు. గిల్ తలుపు మూసి కార్డు చదివాడు. 'ఎడమ పన్ను ఒకటి ఊడింది. శుక్రవారం పదకొండు గంటలకు రాగలరు.' కార్డు మీదున్న పేరుగల పళ్ళ డాక్టరు పోర్ట్స్‌మత్‌లోనే కాదు, ఎక్కడా లేడు. పన్ను ఊడటమంటే మనిషి పోవడం. ఎడమ పన్నంటే మనవాడు.

గిల్ పదకొండేళ్ళు నేవీలో ఫొటోగ్రాఫర్‌గా పనిచేసి, పైకి రిటైరై, లోపల్లోపల గూఢచారి శాఖకి పనిచేస్తున్న మనిషి. విల్ఫ్ కూడా మనవాడేనన్న సంగతి ఆ కార్డు చదివేదాకా అతనికి తెలియదు.

శుక్రవారం పదకొండింటికి సౌత్‌సీ తీరం మీద, టీ వేన్ పక్కన బల్ల దగ్గర మిస్ ఆర్మిటేజ్ బేకన్ రోల్ తింటూ కూర్చుంది. అరవై దాటిన మనిషి. ఊలు కోటు, అల్లిక సంచి. దారిన పోయేవాళ్ళకి చర్చి పనులు చూసుకునే పెద్దావిడలా కనిపిస్తుంది. ఆవిడ కనుసన్నతో పోయిన ప్రాణాలెన్నో ఆవిడకే తెలియాలి.

"ఇవాళ పోటు ఎన్నింటికండీ?" అన్నాడు గిల్, కోడ్ ప్రకారం.

"సముద్రం నాకు చెప్పి రాదు. కూర్చో." రోల్‌లోంచి కారిన సాస్ తుడుచుకుంది. "పెన్‌రోజ్ ఆదివారం పన్నెండింటికి వస్తోంది."

"ఊరందరికీ తెలుసు. బ్యాండు వాళ్ళు వారం నుంచి వాయించి చంపుతున్నారు."

"ఊరికి తెలియనిది ఓడ మీద ఉంది. ఎల్మార్ రెబానె. తూర్పు పక్షం వాళ్ళ సబ్‌మెరైన్ ఇంజనీరు. మూడు వారాల కిందట చేపల పడవలో పారిపోయి వస్తుంటే పెన్‌రోజ్ ఎక్కించుకుంది. మన రేవుల్లో కూర్చుని వాళ్ళకి రహస్యాలు అమ్ముతున్న ముఠా ఒకటుంది. హెరాన్, అంటే కొంగ, దాని పేరు. అందులో ఉన్న పదకొండు మంది పేర్లూ అతని తలలో ఉన్నాయి."

"హెలికాప్టర్ పంపించి తెచ్చుకోవచ్చుగా?"

"రానంటున్నాడు. కూతురు బతికుందని కళ్ళారా చూస్తేగానీ నోరు విప్పడట. ఆ పిల్ల ఇక్కడికొచ్చేసి తొమ్మిదేళ్ళయింది. ఫొటో పంపిస్తే నవ్వాడట. మా దేశంలో ఫొటోలెలా తయారుచేస్తారో నాకు తెలుసన్నాడట."

"అయితే?"

"కెప్టెన్ జాలిపడ్డాడు. మా కుర్రాళ్ళందరూ టవర్ మీద తమవాళ్ళని చూసుకుంటూ రేవులోకొస్తారు, ఇతనేం పాపం చేశాడన్నాడు. యూనిఫామ్ తొడిగి వెనక డెక్ మీద, కుడి అంచున, వరసలో ఆఖరివాడిగా నిలబెడుతున్నాడు. కూతురు పసుపు స్కార్ఫ్ కట్టుకుని టవర్ మీద ఉంటుంది. చెయ్యి ఊపుతుంది."

"పిచ్చి పని."

"నేవీ పని," అంది మిస్ ఆర్మిటేజ్. "టవర్ మీదకొచ్చే కొత్త మొహాలను విల్ఫ్ ఫొటోలు తీసి మనకి పంపేవాడు. సోమవారం పొద్దున ఫోన్ చేశాడు. ఒకళ్ళ వాలకం తేడాగా ఉంది, ప్రింటు వేసి చూపిస్తానన్నాడు. చూపించేలోపు పోయాడు. అతని డార్క్‌రూమ్ వెతుకు. ఆదివారం ఆ పిల్ల పక్కన నిలబడు. నీకు తోడు వివియన్ డెలకోర్ట్."

"ఎవరావిడ?"

"హెరాన్‌లో మన మనిషి. తమ మనిషే మనలో ఉందని వాళ్ళు అనుకుంటున్నారు."

"ఎవరు కరెక్టు?"

మిస్ ఆర్మిటేజ్ అతని కప్పు వైపు చూసింది. "టీ చల్లారుతోంది ప్రాసర్."

లేచేముందు అల్లిక సంచిలోంచి ఫ్లాష్ గన్ ఒకటి తీసి అతని ముందుకు తోసింది. మామూలు ఫ్లాష్ లాగే ఉంది. ఒక్కసారే వెలుగుతుందట. పది అడుగుల్లో ఎదుట ఎవరున్నా ఐదు నిమిషాలపాటు గుడ్డివాళ్ళే.

*

విల్ఫ్ ఇంటి తాళంచెవి మిసెస్ టపెన్ దగ్గరుంది. అది ఇస్తూ ఆవిడ గిల్‌ని బూట్ల నుంచి జుట్టు దాకా పరిశీలించింది.

"ఫొటోగ్రాఫర్ల సంఘమా? పోయాక వచ్చారా? బతికుండగా ఒక్కడూ వచ్చి టీ తాగిన పాపాన పోలేదు. పైన చీకటి గది ఉంది. కంపు కొడుతుంది. వెళ్ళేటప్పుడు లైటు తీసెయ్ నాయనా, పోయినవాళ్ళకి కరెంటెందుకు."

డార్క్‌రూమ్‌లో ఎర్ర బల్బు వెలుగుతోంది. గిల్ ఆగాడు. నాలుగు రోజుల కిందట చచ్చిన మనిషి బల్బు వేసి పోడు కదా అన్న ఆలోచన వచ్చేలోపే మెడకి తీగ పడింది.

వెనకున్నవాడు ఎద్దులాంటి మనిషి. రేవులో క్రేన్ నడిపే హార్కర్. చేతుల మీద పచ్చబొట్లు, నోట్లో బీరు వాసన. తీగను మెలిపెట్టి గిల్‌ని నేల మీంచి పైకి లేపాడు. గిల్ కాళ్ళు గాల్లో కొట్టుకున్నాయి. షెల్ఫు తగిలి బిస్కెట్ డబ్బాలు దొర్లాయి. ప్రతి డబ్బా మీదా ఒక ఓడ పేరు, లోపల ముప్ఫయ్యేళ్ళ నెగటివ్‌లు. ఊపిరి ఆగుతుంటే చేయి తడిమి తడిమి ఫ్లాష్ గన్ అందుకున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకుని, భుజం మీంచి వెనక్కి తిప్పి నొక్కాడు.

మూసిన రెప్పల్లోంచి కూడా తెల్లగా మండింది. హార్కర్ గొడ్డులా అరిచి తీగ వదిలాడు. గుడ్డిగానే గిల్ జుట్టు దొరకబుచ్చుకుని, ఫొటోలు కడిగే డెవలపర్ తొట్టిలో తల ముంచి అదిమిపట్టాడు. ముక్కులోకి, నోట్లోకి మందు పోయింది. గొంతు భగ్గుమంది. హార్కర్ రెండో చేయి బల్లను ఊతంగా పట్టుకుని ఉంది. ఆ చేయి ఎక్కడుందో గిల్‌కి కనిపించలేదు, తగిలింది. ప్రింట్ల అంచులు కోసే కట్టర్ మీద ఉంది. గిల్ కట్టర్ పిడి వెతికి, ఉన్న బలమంతా పెట్టి కిందికి లాగాడు.

బొటనవేలు మిగిలింది. తక్కిన నాలుగూ బల్ల మీద ఉండిపోయాయి.

ఆ కేకకి ఇల్లు అదిరింది.

"ఏమైంది నాయనా?" గోడ అవతలి నుంచి మిసెస్ టపెన్.

గిల్ తొట్టిలోంచి తల ఎత్తి, వాంతి ఆపుకుని, "ట్రే పడిందండీ!" అని అరిచాడు.

"నేల తుడిచి మరీ వెళ్ళు!"

హార్కర్ గోడకి జారబడి, చేతిని పొట్టకి అదుముకుని ఊగుతున్నాడు. గిల్ కట్టర్‌నుంచి కత్తి ఊడబీకి వాడి గొంతు మీద పెట్టాడు. "విల్ఫ్‌ని తోసింది నువ్వేనా?"

వాడు తలూపాడు.

"ఎవరు పంపారు?"

"చెప్తా... చెప్తా... కత్తి తియ్... ఆవిడ..."

చిన్న దగ్గులాంటి చప్పుడు వినిపించింది. హార్కర్ కనుబొమల మధ్య ఎర్రగా చుక్క పడింది. వెనక గోడ మీద పడినది మాత్రం చుక్క కాదు. గుమ్మంలో తెల్ల సూటు, వెడల్పాటి టోపీ, చేతిలో సైలెన్సర్ పిస్టల్‌తో ఒక మనిషి నిలబడి ఉంది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. అద్దాల షాపుల ముందు మనుషులు నిలబడి చూసే రకం అందం.

"వివియన్," అంది. "ఆలస్యమైంది, సారీ."

"వాడు మాట్లాడబోతున్నాడు."

"కత్తి తీయబోతున్నాడు."

గిల్ హార్కర్ చేతి వైపు చూశాడు. "ఆ చేత్తోనా?"

వివియన్ నవ్వింది. పాత స్నేహితుణ్ణి చూసినట్టు. తర్వాత ఇద్దరూ కలిసి గంటసేపు వెతికారు. విల్ఫ్ ఆఖరిగా కడిగిన రీలు తీగకి క్లిప్పుతో వేలాడుతూ దొరికింది. పెనుగులాటలో చిందిన యాసిడ్ దాని మీద పడింది. మసి తప్ప ఒక్క ఫ్రేము మిగల్లేదు.

గిల్ మిసెస్ టపెన్‌కి తాళంచెవి తిరిగిచ్చి, గది రేపు శుభ్రం చేసేవాళ్ళు వస్తారని చెప్పాడు. ఆవిడ అతని మెడ మీది ఎర్రటి చార చూసి, "పెళ్ళానికి ఏం చెప్తావో ఏమో," అంది.

*

ఆదివారం పదకొండింటికే రౌండ్ టవర్ మీద కాలు పెట్టే చోటు లేదు. చక్రాల బండ్లలో పసిపిల్లలు, మడత కుర్చీల్లో ముసలమ్మలు, నత్తగుల్లల పొట్లాల్లోంచి వెనిగర్ వాసన. రంగు కాగితాల తోరణాలు గాలికి చప్పుడు చేస్తున్నాయి. ఓడలో వచ్చేవాళ్ళకి కనిపించేలా దుప్పట్ల మీద పెయింటుతో రాతలు: 'టెర్రీ, కవలలు', 'నాన్నా, కుక్క కూడా ఈనింది', 'గ్రాహమ్, అమ్మ అన్నీ చూస్తోంది, ముందు ఇంటికి రా'.

గోడ వెంబడి ఓడల ఫొటోలు తీసేవాళ్ళు ముప్ఫై మంది. పదేళ్ళుగా ఎవరి చోటు వాళ్ళదే. విల్ఫ్ చోటు ఖాళీగా వదిలి, అక్కడ అతని పాత స్టూలు పెట్టారు. ఆ పక్కన మెట్ల బల్ల మీద నిలబడ్డవాడు ఐవర్ గట్రిడ్జ్. డెబ్బై దాటాడు, అందరికీ పెద్దదిక్కు, నోరు పెద్దది.

"ఏం బాబూ, నేవీలో తీసేవాడివట కదా? అక్కడ ఓడ మీంచి ఒడ్డుని తీస్తారు. అది ఎవడైనా తీస్తాడు."

గిల్ నవ్వి తల వంచాడు. అతని పక్కన, గోడకి ఆనుకుని మారెట్ రెబానె నిలబడి ఉంది. ఇరవై రెండేళ్ళు. పసుపు స్కార్ఫ్ కొసల్ని వేళ్ళకి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

"నన్ను గుర్తుపడతాడా?" అంది. "వదిలి వచ్చినప్పుడు నాకు ముందు పళ్ళు వంకరగా ఉండేవి."

"పడతాడు."

"మీకెలా తెలుసు?"

"తండ్రి కదా."

"మీ నాన్న మిమ్మల్ని గుర్తుపట్టేవాడా?"

"తాగకపోతే."

మొదటిసారి ఆ పిల్ల నవ్వింది. గిల్ నవ్వలేదు. హెరాన్ ముఠా దగ్గర రెబానె ఫొటో ఉన్నా, యూనిఫామ్‌లో రెండొందల మంది వరసలో అతన్ని పట్టుకోవడం కష్టం. కానీ ఈ పిల్ల ఎవరికి చెయ్యి ఊపుతుందో చూస్తే చాలు. తుపాకి ఉన్నవాడు ఓడని చూడనవసరం లేదు, స్కార్ఫ్‌ని చూస్తాడు.

అతని కళ్ళు గోధుమ రంగు రెయిన్‌కోటు వేసుకున్న ఒక గడ్డం మనిషి మీద ఉన్నాయి. జూన్ ఎండలో రెయిన్‌కోటు. భుజాన పెద్ద సంచి. ఎవరితోనూ మాట్లాడడు. పది అడుగుల అవతల వివియన్, ట్రైపాడ్ మీద పాలక్యానంత లెన్సు బిగించి నిలబడి ఉంది. గిల్ చూపు చూసి, గడ్డం మనిషి వైపు కనుబొమ ఎగరేసింది. వాడిమీద నేనూ కన్నేశాను అన్నట్టు.

"అమ్మడూ, ఆ గొట్టంతో చంద్రుణ్ణి తీస్తావా?" అన్నాడు ఐవర్.

"ఓడ దూరంగా ఉన్నప్పుడే అందంగా ఉంటుంది తాతగారూ."

"మా ఆవిడా అదే అనేది, నా గురించి."

గోడంతా నవ్వింది. అప్పుడే ఎవరో కేకేశారు. సముద్రం మధ్యలో ఉన్న కోట దాటి, పొగమంచులోంచి బూడిదరంగు ముక్కు కనిపించింది. హెచ్.ఎం.ఎస్. పెన్‌రోజ్. రెండు వైపులా టగ్‌బోట్లు నీళ్ళు ఫౌంటెన్లలా చిమ్ముతున్నాయి. టవర్ మీద ముప్ఫై పొడుగు లెన్సులు ఒక్కసారి లేచాయి. షట్టర్ల చప్పుడు రేకుల మీద వడగళ్ళలా మోగింది. బ్యాండు అందుకుంది. కవలల తల్లి ఏడుపు మొదలుపెట్టింది.

ఓడ తిన్నగా వస్తూ వస్తూ రేవు ముఖద్వారం వైపు తిరిగింది. అక్కడ నీళ్ళు ఇరుకు. టవర్‌కి ఎంత దగ్గరగా వస్తుందంటే, డెక్ మీద ఉన్నవాడి గడ్డం గీసుకుంటే పడ్డ గాటు కనిపిస్తుంది.

"మార్చండ్రా!" అన్నాడు ఐవర్.

అది వాళ్ళ డ్రిల్లు. ముప్ఫై మందీ ఒక్కసారి వంగారు. పొడుగు లెన్సులు ఊడదీసి సంచుల్లో పెట్టి, పొట్టి లెన్సులు బిగిస్తున్నారు. ఎనభై గజాల్లో పొడుగు లెన్సు దేనికీ పనికిరాదు, నావికుడి చెవి తప్ప ఏమీ పట్టదు. టవర్ మీద ఈ సంగతి పిల్లవాడికైనా తెలుసు. రెయిన్‌కోటు గడ్డం మనిషి కూడా వంగాడు. నోట్లో మూత పెట్టుకుని, చకచకా లెన్సు మారుస్తున్నాడు. పాపం నిజం ఫొటోగ్రాఫరే.

చర్చిలో జనం మోకరించినట్టు గోడ వెంబడి వీపులన్నీ వంగి ఉన్నాయి. ఒక్క వీపు నిటారుగా ఉంది. తెల్ల సూటు.

వివియన్‌కి ఫొటోలు తీయడం నేర్పినవాళ్ళు గదిలో నేర్పారు. ఓడ మీదికొచ్చేసినప్పుడు ఏం చేయాలో చెప్పలేదు. విల్ఫ్ చూసింది ఇదే. కిందటి ఓడ వచ్చినప్పుడు వచ్చి ఈ చోటు నుంచి గురి కుదురుతుందో లేదో చూసుకుని ఉంటుంది. ఆ రోజూ ఈ గొట్టం మార్చి ఉండదు.

"నాన్నా!" మారెట్ అరిచింది. చెయ్యి గాల్లోకి లేచింది. వెనక డెక్ మీద, వరసలో చివరన, బక్కపల్చటి మనిషి ఒకడు గాలికి ఊగిన గడ్డిపోచలా కదిలాడు. మిగతావాళ్ళు రాళ్ళలా నిలబడ్డారు. అతని చేయి తనకి తెలియకుండానే నడుము దాకా లేచింది.

ట్రైపాడ్ మీద లెన్సు అంగుళం కుడికి తిరిగింది. వివియన్ బొటనవేలు కేబుల్ మీట మీద పడింది. పెన్‌రోజ్ సైరన్ మోగింది, చెవులు పగిలేలా.

గిల్ దూకి ట్రైపాడ్ కాలు తన్నాడు. లెన్సు కొసన చిన్న పొగ. డెక్ మీద రెబానె పక్కన నిలబడ్డ వంటవాడి టోపీ ఎగిరి నీళ్ళలో పడింది. టవర్ మీద జనం గొల్లున నవ్వారు. "గాలిరా నాయనా, పట్టుకో!" అని ఎవరో అరిచారు.

వివియన్ చేతిలోకి ట్రైపాడ్ పిడి ఊడి వచ్చింది. దాని చివర జానెడు మేకు. గిల్ పక్కటెముకల కింద దించి తిప్పింది. అతను ఆమె మణికట్టు పట్టుకుని, గోడకి అదిమాడు. ఇద్దరూ కౌగిలించుకున్నట్టే ఉన్నారు. ఆమె సెంటు వాసన, తన నెత్తుటి వాసన కలిసి వచ్చాయి.

"పసుపు స్కార్ఫ్ అని నాకెవరు చెప్పారనుకుంటున్నావ్ గిల్?" అంది చెవిలో. మేకు ఇంకాస్త లోపలికి వెళ్ళింది. "మీ ముసలామే. రోల్ తింటూ చెప్పింది."

గిల్ తలతో ఆమె ముక్కు మీద కొట్టాడు. ఎముక విరిగింది. మోకాలితో కడుపులో పొడిచాడు. ఆమె వంగుతూ కెమెరాని లాగింది, ఇంకో గుండు ఉంది అందులో. గొట్టం కొస మారెట్ వీపు వైపు తిరిగింది. ఆ పిల్ల పోతే రెబానె ఇక నోరు విప్పడు. గిల్ చేతికి అందింది గొట్టమే. దాన్ని పైకి తోశాడు. ఆమె గడ్డం కింద ఆనింది. కేబుల్ ఇంకా ఆమె వేలికే చుట్టుకుని ఉంది. ఇద్దరూ ఒకేసారి లాగారు. ఎవరి లాగుడుకి పేలిందో గిల్‌కి ఎప్పటికీ తెలియలేదు.

సైరన్ ఇంకా మోగుతూనే ఉంది. వెడల్పాటి టోపీ లోపల ఏం జరిగిందో ఎవరూ చూడలేదు. అందరి కళ్ళూ ఓడ మీదే. గిల్ ఆమెని గోడకి ఆనించి కూర్చోబెట్టి, టోపీ మొహం మీదికి లాగాడు. పసివాడి బండి పట్టుకున్న తల్లి ఒకతె ఇటు తిరిగి, "అయ్యో, ఎండదెబ్బా? నీళ్ళు కావాలా?" అంది.

"కాసేపు పడుకోనివ్వండి."

మారెట్ మాత్రం తిరిగి చూసింది. స్కార్ఫ్ మీద, ఎత్తిన చెయ్యి మీద ఎర్రటి చుక్కలు. చెయ్యి కిందికి దించబోయింది.

"చెయ్యి దించకు," అన్నాడు గిల్. పక్కటెముకలు చేత్తో అదిమిపట్టుకుని ఆ పిల్ల పక్కన నిలబడ్డాడు. "ఊపుతూనే ఉండు. దించితే మీ నాన్న కంగారుపడతాడు."

ఆ పిల్ల ఊపుతూనే ఉంది. ఏడుస్తూ, పళ్ళు కనిపించేలా నవ్వుతూ, ఓడ వెనక జెండా డాక్‌యార్డ్ మలుపులో కనుమరుగయ్యేదాకా ఊపింది.

*

జెట్టీ దగ్గర జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ఏడుస్తున్నారు. కవలల తండ్రి ఏ బిడ్డని ముందు ఎత్తుకోవాలో తెలియక మధ్యలో నిలబడి ఉన్నాడు. వాళ్ళకి దూరంగా, సామాన్ల షెడ్డు వెనక అంబులెన్స్ మెట్టు మీద గిల్ కూర్చున్నాడు. నర్సు అతని పక్కటెముకలకి కట్టు కడుతోంది. ఎల్మార్ రెబానె యూనిఫామ్ విప్పలేదు. కూతురి రెండు చేతులూ పట్టుకుని, ఒక్కో వేలూ తడిమి చూస్తున్నాడు. అప్పటికే పదకొండు పేర్లు రాసిన కాగితం మిస్ ఆర్మిటేజ్ అల్లిక సంచిలోకి వెళ్ళిపోయింది.

"రాత్రిలోపు అందర్నీ ఎత్తేస్తాం," అంది ఆవిడ. "బాగా చేశావు ప్రాసర్."

"స్కార్ఫ్ రంగు వివియన్‌కి మీరే చెప్పారు."

"ఆవిడ ఎటువైపో తేలాలి. చేప కనిపిస్తేగానీ కొంగ ముక్కు చాచదు."

"చేప అంటే ఈ పిల్లా?"

"పక్కన నువ్వున్నావుగా."

"విల్ఫ్ పక్కన ఎవరున్నారు?"

మిస్ ఆర్మిటేజ్ చేతి తొడుగులు వేసుకుంది. మారెట్ వైపు తిరిగి, గొంతు మెత్తగా చేసి, "నీకు గీత కూడా పడలేదు కదా తల్లీ," అంది. "నువ్వు క్షేమం, మీ నాన్న క్షేమం. అనుకున్నదేదీ తప్పలేదు."

మారెట్ తండ్రి చేతుల్లోంచి చేతులు తీసుకోలేదు. నెత్తురు ఎండిన స్కార్ఫ్ ఇంకా మెడలోనే ఉంది.

"తప్పి, నేను పోయి ఉంటే మా నాన్నకి మీరే వచ్చి చెప్పేవారా," అంది, "ఎవర్నైనా పంపేవారా?"